ఊళ్లో జాగా కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు ఈ పాఠం చదవండి

ఇందిరమ్మ ఇళ్ల పథకం – లబ్ధిదారులు, దరఖాస్తుదారుల కోసం అవగాహన పాఠం
చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల వారికి



మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ గల్లీల్లో కిరాయికి ఉండేవాళ్లలో చాలామందికి ఒకటే ఆలోచన. సిటీలో గజం కొనే స్తోమత లేదు. సొంతూళ్లోనో, చుట్టాల ఊళ్లోనో చిన్న జాగా కొనుక్కుంటే, ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో ఇల్లు లేస్తుంది కదా అని. ఆలోచన మంచిదే. కానీ తొందరపడితే ఇల్లు రాకపోగా చేతిలో ఉన్న డబ్బు కూడా పోతుంది.

నారాయణగూడలో పొద్దున టిఫిన్ బండి నడిపే ఒక అక్క దరఖాస్తు సంగతి అడగడానికి మా దగ్గరికి వచ్చింది.

"సార్, సొంత జాగా ఉంటే ఐదు లక్షలు వస్తయంటున్నరు కదా. జనగామ దిక్కు మా చెల్లె వాళ్ల ఊళ్లె ఒక గుంట జాగా మాట్లాడిన. యాభై వేలు బయానా గూడ ఇచ్చిన. ఇగ అప్లికేషన్ పెట్టుకోవచ్చా?"

"అక్కా, ఏం కాగితం చూపించిండు?"

"పట్టా ఉంది సార్. జిరాక్స్ ఇచ్చిండు."

ఆ జిరాక్స్ చూస్తే అది లావణి పట్టా. అంటే భూమి లేని పేదలకు సాగు చేసుకొమ్మని ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. తండ్రి నుంచి కొడుకుకు వారసత్వంగా వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు, పట్టా నిజంగానే ఉంది. కానీ అది అమ్ముకునే పట్టా కాదు.

ఈ పాఠంలో చెప్పేది ఒక్కటే. ఇంటికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, జాగా కాగితం సరిచూసుకునే బాధ్యత కొనేవారిదే. కాబట్టి ముందు కాగితం, తర్వాత బయానా.

1. ముందు పథకం సంగతి తెలుసుకోండి

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించింది. సొంత జాగా ఉన్న పేద కుటుంబం ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయల సాయం అందుతుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 చదరపు అడుగులు దాటకూడదు. ఇల్లు మహిళ పేరు మీద మంజూరవుతుంది.

ఇక్కడ మూడు మాటలు గుర్తు పెట్టుకోండి.

– జాగా కొన్నంత మాత్రాన ఇల్లు మంజూరు కాదు. అర్హత చూస్తారు, ఆ ఊళ్లో విచారణ చేస్తారు. మీరు ఉండేది హైదరాబాద్‌లో, జాగా కొనేది వేరే జిల్లాలో అయితే, అక్కడ మీ దరఖాస్తు తీసుకుంటారా లేదా అనేది ఆ ఊరి పంచాయతీ కార్యదర్శినో, మండల పరిషత్ ఆఫీసులోనో ముందుగా అడగండి. ఆ జవాబు తెలియకుండా "పథకం వస్తుంది" అనే ధైర్యంతో జాగా కొనొద్దు.

– డబ్బు ఒకేసారి రాదు, ముందుగానూ రాదు. పని ఒక దశ పూర్తయ్యాక, ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాక, ఆ దశ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. బేస్‌మెంట్ వరకు కట్టాకే మొదటి లక్ష. అంటే పునాది ఖర్చు ముందు మీ చేతి నుంచే పెట్టుకోవాలి.

– ఈ 5 లక్షలు ఇల్లు కట్టడానికే, జాగా కొనడానికి కాదు. జాగా కోసం చేసిన అప్పును ఈ డబ్బుతో తీరుద్దాం అనుకుంటే ఇల్లు సగంలో ఆగిపోతుంది.

2. ఎంత జాగా సరిపోతుంది?

ఊళ్లో మాట గుంటల్లో నడుస్తుంది. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 గజాలు. ఒక గజానికి 9 చదరపు అడుగులు.

400 చదరపు అడుగుల ఇంటికి దాదాపు 45 గజాలు చాలు. 600 చదరపు అడుగులకు 67 గజాలు. చుట్టూ కాస్త ఖాళీ, బాత్‌రూమ్, నీళ్ల తొట్టి అన్నీ కలుపుకున్నా 80 నుంచి 100 గజాల్లో చక్కగా సరిపోతుంది. "200 గజాలైతే రేపు రేటు పెరుగుతది" అని అమ్మేవాళ్లు చెబుతారు. రేటు సంగతి తర్వాత. అప్పు చేసి పెద్ద జాగా కొని, పునాదికి డబ్బు లేక కూర్చోవడం కంటే, కాగితాలు సరిగ్గా ఉన్న చిన్న జాగా మేలు.

3. ఆ నేల ఏ రకం?

ఊళ్లో జాగాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. కాగితంలో మాత్రం రకరకాలు.

గ్రామకంఠం: ఊరి ఇళ్లు ఉండే పాత నివాస స్థలం. దీనికి పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. పంచాయతీ ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదులు, పాత రిజిస్టర్డ్ దస్తావేజులు ఉంటే అవి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందనే కుటుంబ వివరం చూసుకోవాలి. ఇల్లు కట్టుకోవడానికి ఇది అనువైన నేల. కానీ హద్దుల గొడవలు ఎక్కువగా వచ్చేది కూడా ఇక్కడే. నాలుగు దిక్కుల ఇళ్లవాళ్లనూ పిలిచి, వాళ్ల ముందే కొలిపించండి.

పట్టా వ్యవసాయ భూమి: సొంతదారుకు అమ్మే హక్కు ఉంటుంది. కానీ కాగితంలో అది పొలం. ఇంటి కోసం వాడాలంటే వ్యవసాయేతర భూమిగా మార్పించాలి. దాన్నే నాలా అంటారు. గుంటల లెక్కన 'ఫామ్ ప్లాట్' అని అమ్మేవి చాలావరకు ఇలాంటి పొలాలే. రోడ్డు వేసి, రాళ్లు పాతి, రంగులు వేసినంత మాత్రాన పొలం ప్లాటు కాదు.

లావణి పట్టా, అసైన్డ్ భూమి: 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దీన్ని అమ్మకూడదు, కొనకూడదు, రిజిస్టర్ చేయకూడదు. కొన్నవారి నుంచి ప్రభుత్వం తిరిగి తీసుకోవచ్చు.

శిఖం భూమి: చెరువులో మునిగే నేల. ఎండాకాలంలో ఎండిపోయి చదునుగా, అందంగా కనిపిస్తుంది. దీని మీద ఇల్లు కట్టడానికి వీల్లేదు.

భూదాన, దేవాదాయ, వక్ఫ్ భూములు: 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావే ముందు 100 ఎకరాలు దానం ప్రకటించారు. భూదాన ఉద్యమం అలా మన దగ్గరే మొదలైంది. తర్వాత ఎన్నో ఊళ్లలో భూములు అలా దానంగా వచ్చాయి. అవి పేదల కోసం ఇచ్చినవి, అమ్మకానికి కాదు. గుడి మాన్యాలు, వక్ఫ్ భూముల మీద కూడా ఇళ్ల ప్లాట్ల పేరుతో జరిగే అమ్మకాలు చెల్లవు. ఇనాం భూమి అంటే ఓఆర్‌సీ ఉందా అని తప్పకుండా అడగండి.

లేఅవుట్ ప్లాట్లు: హైదరాబాద్ చుట్టుపక్కల హెచ్‌ఎండీఏ, దూరంగా ఉన్న ఊళ్లలో డీటీసీపీ ఆమోదం ఉండాలి. 'పంచాయతీ లేఅవుట్' అనే పాత మాటను నమ్మొద్దు. 500 చదరపు మీటర్లు దాటిన లేదా 8 ప్లాట్లు దాటిన వెంచర్ ఏదైనా రెరాలో నమోదు చేసుకోకుండా అమ్మకూడదు. బ్రోచర్ మీద రెరా నంబరు ఉంటే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. నంబరు లేకుండా 'ప్రీ లాంచ్ ఆఫర్' అంటే పక్కకు తప్పుకోండి.

4. చూడాల్సిన కాగితాలు

జిరాక్స్ మీద నిర్ణయం తీసుకోవద్దు. సర్వే నంబరు, ఊరు, మండలం రాసుకొని, మీరే విడిగా తీసి చూసుకోండి.

భూభారతి వివరాలు: వ్యవసాయ భూమి రికార్డులు 2020 అక్టోబర్ నుంచి ధరణిలో ఉండేవి. 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ వచ్చింది. సర్వే నంబరు కొడితే పట్టాదారు పేరు, విస్తీర్ణం, భూమి స్వభావం కనిపిస్తాయి. 'భూమి స్వభావం' అన్న చోట పట్టా అని ఉందా, ఇంకేమైనా ఉందా అన్నదే ముఖ్యం. మన అక్క ఆ ఒక్క లైను చూసి ఉంటే బయానా ఇచ్చేది కాదు.

పాత పహాణీలు: తహశీల్దార్ ఆఫీసులో, మీసేవలో అడగవచ్చు. 1954-55 ఖాస్రా పహాణీలో ఆ నేల ఎవరి పేరు మీద, ఏ రకంగా ఉందో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

ఈసీ: ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు ఈసీలో కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి వివరాలు చూడవచ్చు. కనీసం 30 ఏళ్లకు తీయండి. కానీ ఈసీ శుభ్రంగా ఉంటే అన్నీ బాగున్నట్టే అనుకోవద్దు. కోర్టు కేసులు, అన్నదమ్ముల గొడవలు, రిజిస్టర్ చేయని కాగితాలు అందులో కనిపించకపోవచ్చు.

నిషేధిత జాబితా: రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద అమ్మకూడని ఆస్తుల జాబితా ఉంటుంది. ఆ సర్వే నంబరు అందులో ఉందా అని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూడవచ్చు.

వారసులందరి సంతకాలు: తండ్రి పేరు మీద ఉన్న జాగాను ఒక కొడుకు వచ్చి అమ్ముతుంటే ఆగండి. మిగతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లి సంతకాలు అడగండి. 'ఆడపిల్లలకు కట్నం ఇచ్చి పంపినం, వాటా లేదు' అనే మాట చట్టం ముందు నిలవదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు ఇస్తూ మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఇవాళ సంతకం పెట్టని ఆడబిడ్డ రేపు కోర్టుకు వెళ్తే నష్టపోయేది మీరే.

5. చెల్లని కాగితాలు

రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకు దండగ అని చెప్పి మూడు రకాల కాగితాలు చేతిలో పెడతారు.

నోటరీ: స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ ముద్ర వేయిస్తే జాగా మీదవదు. వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే అని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం చెబుతోంది.

జీపీఏ: జీపీఏ మీద కొన్నంత మాత్రాన యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

సాదాబైనామా: తెల్లకాగితం కొనుగోలు. 'గవర్నమెంటు రెగ్యులరైజ్ చేస్తుంది కదా' అంటారు. ఆ అవకాశం 2014 జూన్ 2కు ముందు కొని, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న వారికి. ఇవాళ కొత్తగా తెల్లకాగితం మీద కొనేవారికి అది వర్తించదు.

6. కాగితం బాగుంటే, నేలను చూడండి

నీళ్లు పారే దారి: అశోక్ నగర్ వాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. వాన గట్టిగా పడితే హుస్సేన్ సాగర్ నాలా పక్కన ఇళ్ల పరిస్థితి ఏంటో మీకే తెలుసు. ఊళ్లో చెరువు, వాగు, కాలువ పక్కన జాగా కూడా అంతే. 25 ఎకరాలకు తగ్గని చెరువుకు నీళ్లు నిండే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. వీలైతే వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. ఊరి పెద్దమనుషులను 'పెద్ద వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్' అని అడగండి.

జంట జలాశయాల చుట్టుపక్కల: ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లను కాపాడేందుకు 1996లో 111 జీవో వచ్చింది. 84 ఊళ్లు దాని కింద ఉన్నాయి. మొయినాబాద్, శంషాబాద్ దిక్కు జాగా చూస్తుంటే, ఆ ఊరికి నిర్మాణ అనుమతి వస్తుందా అని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ముందుకు వెళ్లండి.

రోడ్డు కోసం పోయే భూమి: రీజనల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా పోతుంది. ఆ దిక్కున కొంటుంటే, సర్వే నంబరు భూసేకరణలో ఉందా అని ఆర్డీవో ఆఫీసులో అడగండి.

మట్టి: నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పునాది లోతుగా తీయాలి, ఖర్చు పెరుగుతుంది. మొదటి లక్ష వచ్చేది బేస్‌మెంట్ అయ్యాకే కాబట్టి ఈ ఖర్చు మీ మీదే పడుతుంది. పక్కన ఈమధ్య ఇల్లు కట్టిన వాళ్లను పునాదికి ఎంత అయిందో అడగండి. అంతకన్నా మంచి అంచనా ఇంకెవరూ చెప్పలేరు.

దారి, నీళ్లు, కరెంటు: జాగాకు దారి కాగితంలో ఉందా, లేక వేరేవాళ్ల పొలంలోంచి నడుస్తున్నారా? నల్లా కనెక్షన్ వస్తుందా? కరెంటు స్తంభం ఎంత దూరం?

అక్కడ బతుకుదెరువు: ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ పని సిటీలో, ఇల్లు 80 కిలోమీటర్ల దూరంలో అయితే అక్కడ ఎవరు ఉంటారు? పిల్లల బడి, దవాఖాన, బస్సు చూసుకోండి. ఊళ్లో ఇంటికి తాళం వేసి ఇక్కడ కిరాయి కట్టడం అంటే రెండు ఖర్చులు.

7. డబ్బు లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. 100 గజాలు, గజం 4,000 రూపాయలు అనుకుందాం.

– జాగా ధర: 4,00,000
– రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున: 30,000
– కొలతలు, దస్తావేజు రాయించడం, లాయర్‌కు చూపించడం, రానుపోను: ఇవి అదనం
– పునాది ఖర్చు: మొదటి విడత వచ్చేదాకా మీ చేతి నుంచే

ఈ నాలుగూ కలిపి మీ దగ్గర ఉంటేనే దిగండి. రోజువారీ ఫైనాన్స్‌లో, బంగారం కుదువపెట్టి, చిట్టీ ముందే ఎత్తి జాగా కొంటే వడ్డీలకే సంపాదన పోతుంది.

బయానా ఎప్పుడూ తక్కువ ఇవ్వండి. బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. 'నగదే కావాలి' అనే మాట వినిపిస్తే జాగ్రత్తపడండి. ఒప్పంద పత్రంలో 'కాగితాలు సరిగా లేకపోతే బయానా మొత్తం ఫలానా తేదీలోపు తిరిగి ఇస్తాను' అనే వాక్యం తప్పకుండా రాయించండి.

8. మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్ర: రిజిస్ట్రేషన్ ఎక్కడ అవుతుంది? హైదరాబాద్‌లోనే చేయిస్తామంటున్నారు.
జ: ఆస్తి ఉన్న ప్రాంతం ఏ ఆఫీసు కిందికి వస్తే అక్కడే. వ్యవసాయ భూమి అయితే ఆ మండల తహశీల్దార్ ఆఫీసులో, ఇంటి జాగా అయితే ఆ ప్రాంత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. వేరే జిల్లా జాగాను ఇక్కడ చేయిస్తామంటే నమ్మొద్దు.

ప్ర: ఊళ్లో అందరూ అట్లనే కొని ఇళ్లు కట్టుకున్నారు కదా సార్?
జ: కట్టుకొని ఉండవచ్చు. ఇల్లు ఉన్నంత మాత్రాన హక్కు ఉన్నట్టు కాదు. అమ్మాలన్నా, బ్యాంకు లోన్ కావాలన్నా, రోడ్డు కింద పోతే నష్టపరిహారం కావాలన్నా కాగితమే అడుగుతారు.

ప్ర: ఇల్లు మంజూరు చేయిస్తానని ఒకాయన 20 వేలు అడుగుతున్నాడు.
జ: ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. దరఖాస్తుకు గానీ, మంజూరుకు గానీ మధ్యవర్తి అవసరం లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ప్ర: లాయర్‌కు ఇచ్చే స్తోమత లేదు.
జ: మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయండి. ఫిర్యాదులు, అర్జీలు ఉంటే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వవచ్చు.

9. బయానాకు ముందు ఏడు ప్రశ్నలు

ఈ పేజీని ఫోన్‌లో దాచుకోండి. ఏడింటికీ 'అవును' అనే జవాబు వస్తేనే డబ్బు తీయండి.

1) రికార్డులో అమ్మేవారి పేరే ఉందా?
2) భూమి స్వభావం చూశానా? లావణి, శిఖం, భూదాన, దేవాదాయ, వక్ఫ్ కాదని తేలిందా?
3) 30 ఏళ్ల ఈసీ, నిషేధిత జాబితా నేనే చూశానా?
4) వారసులందరూ, ఆడబిడ్డలతో సహా, సంతకానికి సిద్ధమేనా?
5) ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీ అనుమతి వస్తుందని కార్యదర్శిని అడిగానా?
6) నాలుగు హద్దులు కొలిపించి, దారి చూసుకున్నానా?
7) జాగా, రిజిస్ట్రేషన్, పునాది ఖర్చు మూడూ నా దగ్గర ఉన్నాయా?

చివరగా మన అక్క సంగతి. ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టి అడిగితే రెండు నెలలకు 35 వేలు తిరిగి వచ్చాయి. మిగతా 15 వేలు రాలేదు. అవి ఆమె ఎన్ని పొద్దులు నాలుగింటికి లేచి పిండి రుబ్బితే వచ్చిన డబ్బో ఆమెకే తెలుసు. ఇప్పుడు అదే ఊళ్లో గ్రామకంఠంలో 80 గజాల పాత పెంకుటిల్లు అమ్మకానికి ఉందట. మొన్న ఫోన్ చేసింది.

"సార్, బయానా ఇంక ఇయ్యలే. ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజు ఫోటోలు తీసి పంపిస్తున్న. ముందుగాల మీరు చూడుండ్రి."

"పంపక్కా, చూస్తా. వాళ్ల ఆడబిడ్డలు ఎంతమందో కూడా అడిగి చెప్పు."

మీరు కూడా అలాగే చేయండి. మీ ఇంట్లో, మీ గల్లీలో జాగా కొనే ఆలోచనలో ఉన్నవాళ్లకు ఈ పాఠం పంపించండి.